రేడియేషన్ సమయంలో నోటి తడిని కాపాడుకుందాం

నోటి క్యాన్సరుకో, గొంతు క్యాన్సరుకో రేడియేషన్ కావాలని డాక్టరు చెప్పగానే మంథని పల్లెల నుంచి వచ్చేవారు "కరెంటు పెడ్తరా సిస్టరమ్మా? నోరు కాలిపోతదా?" అని భయపడతారు. చర్మం నల్లబడినా, నోరు పూసినా చికిత్స అయ్యాక చాలావరకు మానుతుంది. ఎక్కువ కాలం బాధించేది నోరు ఎండిపోవడం.

లాలాజల గ్రంథులు

పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద. ఇవి రోజుకు సుమారు 1 లీటరు లాలాజలాన్ని ఊరిస్తాయి. ముద్ద మింగడానికి, మాట్లాడడానికి, పళ్లు పుచ్చకుండా ఉండడానికి ఇదే ఆధారం. కిరణాలు గ్రంథుల మీద పడితే మొదటి 1, 2 వారాల్లోనే ఉమ్మి తగ్గి జిగురుగా మారుతుంది.

చికిత్సకు ముందు

1. ఐ.ఎం.ఆర్.టి. పద్ధతి కుదురుతుందా అని డాక్టరును అడగండి. ఇందులో గడ్డకు పూర్తి మోతాదు ఇస్తూనే చెవి ముందరి గ్రంథులకు తక్కువ పడేలా చూస్తారు. 2011లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలో, ఏడాది తరువాత నోరు బాగా ఎండినవారు పాత పద్ధతిలో నూటికి 74 మంది, ఈ పద్ధతిలో 38 మంది. గడ్డ గ్రంథికి ఆనుకొని ఉంటే మాత్రం గడ్డను చంపడమే ముఖ్యం.

2. చెడిన పళ్లను కనీసం 2 వారాల ముందే తీయించుకోండి. చికిత్స అయిన ఏడాదికి, రేడియేషన్ సంగతి చెప్పకుండా పన్ను తీయించుకున్న ఒక తాతకు దవడ పుండు నెలల తరబడి మానలేదు. కిరణాలు తగిలిన ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది. ఈ సంగతి పళ్ల డాక్టరుకు ఎన్నేళ్లకైనా చెప్పాలి.

3. బీడీ, జర్దా, గుట్కా, కల్లు, సారా పూర్తిగా మానాలి.

చికిత్సలో, ఆ తరువాత

* గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు 5, 6 సార్లు పుక్కిలించి ఉమ్మేయండి.
* నీళ్ల సీసా దగ్గర ఉంచుకొని గుక్కెడు గుక్కెడు తాగండి.
* చల్లారిన జొన్న అంబలి, మజ్జిగ, పప్పు కలిపిన మెత్తని అన్నం మంచివి. కారం, పచ్చిపులుసు, తొక్కులు వద్దు.
* మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోండి. చక్కెర బిళ్లలు చప్పరించవద్దు.
* నోట్లో తెల్లని పొర కనిపిస్తే వెంటనే చూపించండి.

నోరు ఎండిందని 6, 7 వారాల చికిత్సను మధ్యలో వదిలి ఇంటికి రాకండి. ఆ విరామంలో గడ్డ మళ్లీ పెరుగుతుంది. బాధ ఉంటే అక్కడి డాక్టరుకు, నర్సుకు చెప్పండి. తగ్గించే మార్గాలు ఉన్నాయి.