ఎలక్ట్రాను స్పిన్, పొరల స్ఫటికం, ధ్రువిత కాంతి

ఎలక్ట్రాను స్పిన్ అనగానే బొంగరమే మనకు స్ఫురిస్తుంది. తొలిమెట్టుకు ఈ పోలిక పనికివస్తుంది గాని, అక్కడే ఆగితే మోసపోతాము. ఎలక్ట్రానును తిరుగుతున్న చిన్న గోళముగా ఎంచి లెక్కకడితే, దాని ఉపరితల వేగం కాంతివేగాన్ని మించిపోతుంది! కనుక స్పిన్ కూడా, విద్యుదావేశంవలె, ఎలక్ట్రానుకు స్వతస్సిద్ధమైన ధర్మమనే గ్రహించవలెను.

కంటికి కానరాని ఈ ధర్మాన్ని కాంతితో ఎట్లు పరీక్షించడం? కాంతికి కూడా స్పిన్ ఉండటమే అందుకు ఆధారం. ఆగిరిపల్లిలో జన్మించి, అనంతరం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సూరి భగవంతంగారు, సి.వి. రామన్‌గారితో కలిసి 1931లో ఫోటాను స్పిన్‌కు ప్రయోగ నిదర్శనం ప్రకటించారన్న సంగతి మన విద్యార్థులు తెలిసికొనదగినది. వృత్తీయ ధ్రువిత కాంతిలో ఫోటానుల స్పిన్ కుడివాటుకు ఒక దిశలో, ఎడమవాటుకు దానికి ఎదురు దిశలో ఉంటుంది.

ఇట్టి కాంతిని తయారుచేయడానికి కూడా పొరల స్ఫటికమే సాధనం కావడం విశేషం. గూడూరు ప్రాంతపు అభ్రకం వంటిదాన్ని తగిన మందానికి చీల్చితే పావుతరంగ ఫలకం సిద్ధమవుతుంది. సరళ ధ్రువిత కాంతి దాని అక్షాలకు 45 డిగ్రీల కోణంలో పడినచో వృత్తీయ ధ్రువితమై వెలువడుతుంది.

ఇక పరీక్షింపదగిన స్ఫటికం మాలిబ్డినం డైసల్ఫైడు. చౌటుప్పల్ మీదుగా సాగిపోయే లారీలకు పూసే గ్రీజులు కొన్నిటిలో ఈ నల్లని పదార్థం ఉంటుంది. పొరమీద పొర జారడమే దాని కందెన గుణానికి కారణం. ఒక్క పొర మందం సుమారు 0.65 నానోమీటర్లు. ఆ ఒంటి పొరలో ఎలక్ట్రానుల శక్తిపటం మీద రెండు రకాల లోయలు కలవు. కుడివాటు కాంతి ఒక రకపు లోయలో, ఎడమవాటు కాంతి రెండవ రకంలో ఎలక్ట్రానులను పైకి లేపుతుంది. తగిన ఎరుపు రంగు కాంతిని ఎన్నుకొంటే, ఒక్కొక్క లోయకు ఒక్కొక్క స్పిన్ ముడివడి ఉంటుంది.

2012లో హాంకాంగు, చైనా, అమెరికా పరిశోధకులు ఈ విషయాన్ని వేరువేరుగా పరీక్షించారు. వృత్తీయ కాంతిని పడనిచ్చి, పొర తిరిగి వెలువరించిన కాంతిలో కుడి, ఎడమవాటుల తీవ్రతలను కొలిచారు. వాటి భేదాన్ని మొత్తంతో భాగిస్తే ధ్రువణ పరిమాణం వస్తుంది. ఒంటి పొర తాను గ్రహించిన వాటాన్నే హెచ్చుగా తిరిగి ఇచ్చింది. జంట పొరలో ధ్రువణం బాగా పడిపోయింది. ఏలననగా, రెండవ పొర మొదటిదానికి తిరగవేసినట్లు అమరుతుంది. ఒకటి ఎంచినదానికి మరొకటి ఎదురు ఎంచుతుంది.

అయితే ఈ ధ్రువణం నేరుగా స్పిన్‌ను చూపుతున్నదా, లోయనా? అదే సంవత్సరం మరొక బృందం అడ్డంగా 9 టెస్లాల వరకు అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించింది. స్పిన్ స్వేచ్ఛగా ఉంటే ఆ క్షేత్రంలో దిశ తప్పి ధ్రువణం క్షీణించవలసినది. అది చెదరలేదు, స్పిన్ లోయకు అంత గట్టిగా ముడివడి ఉన్నది.