మన హాస్టల్ నీళ్ళు ఎక్కడికి పోతాయి?



కిందటి వానాకాలంలో పద్మారావు నగర్‌లోని మా హాస్టల్ వెనుక మ్యాన్‌హోల్ పొంగి, మురుగు వరండాలోకి వచ్చింది. రెండు రోజులు ముక్కు మూసుకుని గడిపాము. మూత తీస్తే బయటపడినవి షాంపూ ప్యాకెట్లు, గుడ్డపేలికలు, మెతుకులు. అన్నీ మేము పారేసినవే! ఆ రోజే ఈ నీళ్ళ సంగతి తెలుసుకోవాలనుకున్నాము. తెలుసుకున్నది మీ ముందు ఉంచుతున్నాము.

మురుగు ఎంత?

పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని ఇంజనీర్ల లెక్క. అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగుగా బయటికి పోతుంది. వంద మంది ఉండే హాస్టల్ నుండి రోజుకు 10,800 లీటర్లు! మనకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, మూసీ ఒడ్డున అంబర్‌పేటలో పెద్ద శుద్ధి కేంద్రం ఉంది. దాని సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. పై లెక్కన సుమారు 31 లక్షల మంది వాడి వదిలిన నీరన్నమాట. అదీ చాలక 2021లో ప్రభుత్వం నగరానికి మరో 31 కేంద్రాలు మంజూరు చేసింది.

శుద్ధి ఎలా జరుగుతుంది?

1. ముందుగా ఇనుప జల్లెడలు ప్లాస్టిక్‌ను, గుడ్డలను ఆపుతాయి.

2. తరువాత నీరు నెమ్మదిగా పారే తొట్టెలో ఇసుక అడుగున చేరుతుంది.

3. అసలు పని బాక్టీరియాది. అంబర్‌పేట కేంద్రం కట్టినపుడు ఎంచుకున్న పద్ధతిలో నీరు తొట్టె అడుగు నుండి పైకి వస్తుంది. మధ్యలో బురద పొర ఉంటుంది. గాలి అవసరం లేని బాక్టీరియా అందులో ఉండి మలినాన్ని తిని మీథేన్ వాయువును వదులుతుంది.

4. ఆ తరువాత నీటికి గాలి పట్టించి, మడ్డి తేరనిచ్చి నదిలోకి వదులుతారు.

మురుగులో 99 శాతానికి పైగా నీరే. కానీ మిగిలిన ఆ కాస్త మలినం శుద్ధి కాకుండా నదిలో కలిస్తే, అది కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చిపోతాయి. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ బంగాళాఖాతంలో కలుస్తుంది. మనం వదిలిన నీరే దిగువ ఊళ్ళ పొలాలకు పారుతుంది.

మరచిపోకూడని మనిషి

గాలి తగలని మురుగు గొట్టంలో కూడా బాక్టీరియా ఉంటుంది. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. వాయువు ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, ప్రాణం పోతుంది. అలా పోయిన ప్రాణాలు ఎక్కువగా మన వాడల వాళ్ళవే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మరణించిన వారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో దానిని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటం నడిపిన బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. సంక్షేమ హాస్టళ్ళను కన్నబిడ్డల్లా చూసుకున్న ఎస్.ఆర్. శంకరన్ గారు కూడా ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 2017లో మన నగరంలో ఇరుకు సందుల్లో కూడా తిరిగే చిన్న జెట్టింగ్ యంత్రాలు వచ్చాయి.

మనం చేయగలిగింది

ప్లేటులోని మెతుకులు బకెట్‌లో వేద్దాం. ప్యాకెట్లు, గుడ్డలు చెత్తబుట్టలో వేద్దాం. కాలువ నిండితే వెంటనే వార్డెన్ గారికి చెబుదాం. మనిషిని దింపుతుంటే "యంత్రం పిలిపించండి సార్" అని అడుగుదాం. మన నిర్లక్ష్యం వల్ల ఏ తండ్రీ గొట్టంలోకి దిగకూడదు. ఆ తండ్రి పిల్లలు కూడా ఇలాంటి హాస్టల్‌లోనే చదువుతూ ఉండవచ్చు.