బేరం కుదరని రోజు

ఎకనామిక్స్ క్లాసులో పాఠం చెప్పకుండా సంత ఆట ఆడించారట, నోట్సులో ఆ రోజు ఒక్క ముక్క కూడా లేదు అని మనలో చాలామందికి గుబులు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలున్న ఇళ్లలో అది ఇంకాస్త ఎక్కువ. ఫీజు కట్టాం, పరీక్షలు దగ్గరపడుతున్నాయి, ఈ ఆటలేమిటి? అలా అనిపించడం సహజమే. బిడ్డ మీద అంత ధ్యాస లేకపోతే అసలు ఆ నోట్సు తెరిచి చూసేవాళ్లమే కాదు.

ముందు ఆ ఆటేమిటో చూద్దాం. పదిమంది పిల్లలు. ఐదుగురు అమ్మేవాళ్లు, ఐదుగురు కొనేవాళ్లు. ఒక్కొక్కరి చేతిలో ఒక చీటీ. అమ్మేవాళ్ల చీటీల్లో సరుకుకు వాళ్లకైన ఖర్చు ఉంటుంది: 20, 30, 40, 50, 60 రూపాయలు. కొనేవాళ్ల చీటీల్లో వాళ్లు మించకూడని ధర: 70, 60, 50, 40, 30. ఎవరి చీటీ వాళ్లే చూసుకోవాలి, పక్కవాళ్లకు చూపించకూడదు. ఖర్చుకు తక్కువగా అమ్మకూడదు. ఇక కేకలు, బేరాలు. మొదటి విడతలో ధరలు ఎటుపడితే అటు పోతాయి. అవే చీటీలతో ఇంకో రెండు మూడు విడతలు ఆడేసరికి, ఎవరూ చెప్పకుండానే, బేరాలు 40కీ 50కీ మధ్యకు వచ్చి చేరుతుంటాయి. పుస్తకంలో ‘సమతౌల్య ధర’ అని మన పిల్లలు బట్టీపట్టేది దీన్నే.

ఇది కొత్త ముచ్చటేం కాదు. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చాంబర్లిన్ తన విద్యార్థుల చేత ఇలాంటి బేరాలాడించి 1948లో వ్యాసం రాశారు. అక్కడ బేరాలు ఇద్దరిద్దరి మధ్య గుట్టుగా సాగేవి, ధరలు చెల్లాచెదురుగా ఉండేవి. ఆ ఆటలో తానూ పాల్గొన్న వెర్నన్ స్మిత్, 1956లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో తన విద్యార్థులను ధర అందరికీ వినబడేలా చెప్పమన్నారు, అదే ఆటను మళ్లీ మళ్లీ ఆడించారు. ధరలు ఒకచోటికి చేరడం మొదలుపెట్టాయి. అలా మొదలైన పనికే 2002లో ఆయన నోబెల్ అందుకున్నారు.

అయితే మనం మనసుపెట్టాల్సింది ఆ పిల్లల్లో బేరం కుదరనివాళ్ల మీద. అమ్మేవాళ్లలో 60 చీటీ వచ్చిన అమ్మాయినే తీసుకుందాం. 70 అంటుంది, ఎవరూ తిరిగి చూడరు. 65, తర్వాత 62. గొంతు తగ్గుతుంది. పక్కనే స్నేహితురాలు 45కి అమ్మేసి చప్పట్లు కొడుతుంటుంది. చీటీల్లో తేడా ఉందన్న సంగతి ఆ క్షణాన ఈ పిల్లకు గుర్తుండదు. నాకు మాట్లాడటం రాదు, నా దగ్గర ఎవరూ కొనరు అనుకుంటుంది. పదహారేళ్ల వయసులో సరుకు అమ్ముడుపోకపోవడానికీ, తాను ఎవరికీ నచ్చకపోవడానికీ మధ్య గీత చాలా సన్నం.

సాయంత్రం ఇంటికొస్తుంది. ‘ఎంత లాభమొచ్చింది?’ అని ఆశగా అడుగుతాం. ఏం రాలేదంటుంది. ‘మరి మీ ఫ్రెండ్‌కి?’ పిల్ల మూతి ముడుచుకునేది ఈ రెండో ప్రశ్న దగ్గరే. పోనీలే, ఆటే కదా అన్నా లాభం లేదు. తనకు అది ఆట కాదు మరి. దానికి బదులు ‘నీ చీటీలో ఎంతుంది? 45కి అమ్మి ఉంటే ఏమయ్యేది?’ అని అడిగి చూద్దాం. పదిహేను రూపాయలు నష్టపోయేదాన్ని అని తనే లెక్క చెబుతుంది. అమ్మకుండా ఉండటమే సరైన నిర్ణయమని మనం చెప్పక్కర్లేదు, తన నోటినుంచే వస్తుంది.

అక్కడితో ఆగదు కూడా. మదనపల్లెలో ధర పడిపోయి టమాటాలు పారబోశారన్న వార్త వస్తే, గిట్టుబాటు కాకపోవడమంటే ఏమిటో ఆ పిల్లకు ఇప్పుడు తెలుసు. తన చీటీ మడిచి దాచుకోవచ్చు, టమాటా నిల్వ ఉండదు. పెట్టుబడి ఎప్పుడో పెట్టేసిన రైతుకు చివరికి కోత కూలీ, బండి కిరాయి కూడా రావనిపిస్తే కోయడమే దండగ. ఈ తేడా దగ్గరే పిల్లలు మంచి ప్రశ్నలు వేస్తారు. మనకు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, వినేవాళ్లుంటే చాలు.

ఇంకో సంగతి, కాస్త కష్టంగానే ఉంటుంది. డబ్బు విషయాలు నీకెందుకు, చదువుకో అంటాం. వాళ్లు బాధపడకూడదనే. కానీ పక్కగదిలో మనం అప్పు గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేది వాళ్లకు వినబడుతూనే ఉంటుంది. సగం విని ఊహించుకునే భయం నిజంకన్నా పెద్దది. నెలలో ఒకసారి రెండొందలు చేతికిచ్చి రైతుబజారులో కూరగాయలు వాళ్లనే కొననిద్దాం. పుచ్చు వంకాయలు తెచ్చినా ఆ పూట వాటినే ఏరి వండుకుందాం.

మార్కుల మాటకొస్తే, ఆట ఒక్కటే మార్కులు తేదు. ఆట అయ్యాక ఏం జరిగిందో క్లాసులో కూర్చుని మాట్లాడుకోకపోతే మిగిలేది గోలే. ఆ చర్చ జరుగుతోందా అని పేరెంట్స్ మీటింగులో అడగడంలో తప్పు లేదు, అధ్యాపకులు ఏమీ అనుకోరు. ఆట ఆడిన రాత్రే డిమాండు, సప్లయి పాఠం ఒకసారి చదివించండి. నిర్వచనాలు, పటాలు మాత్రం రాసి నేర్చుకోవాల్సిందే, దానికి దగ్గరిదారి లేదు. అలా చేసినా యూనిట్ టెస్టులో తగ్గితే, జవాబు పేపరు తీసుకుని పిల్లతో కలిసి అధ్యాపకుల దగ్గరకు వెళ్లండి. ఎక్కడ తడబడిందో ముగ్గురూ కూర్చుని చూడండి.