దొండపాదు కాయకపోతే తప్పు ఎవరిది?



మన నూజివీడు ప్రాంతంలో మామిడి మీద డబ్బు వేసవిలో ఒక్కసారే చేతికొస్తుంది. కూర మాత్రం ఏడాది పొడుగునా వండుకోవాలి. అందుకే పెరట్లో ఒక దొండపాదు ఉండాలంటాను. కానీ కొందరి ఫిర్యాదు ఇది: “ఫాదర్, పాదు పందిరంతా అల్లుకుంది, పూస్తోంది, ఒక్క కాయా లేదు.”

ఆ బాధ నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ గింజ నాటి, ఏడాదిపాటు నీళ్లు పోశాను. మట్టిని నిందించాను, వేపచెట్టు నీడను నిందించాను. కారణం తెలియకుండా తీర్పు చెప్పరాదని సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణే. పువ్వును తిప్పి చూడాలని మాత్రం తోచలేదు!

దొండలో ఆడపాదు వేరు, మగపాదు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగపువ్వుకు ఉత్త కాడే. గింజ నాటితే ఏది మొలుస్తుందో ముందుగా తెలియదు. కనుక బాగా కాసే పాదు నుంచి ముదురు తీగముక్క తెచ్చుకోవాలి. పెన్సిలంత లావు, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. మనం పెంచే రకాలు సాధారణంగా మగపాదు తోడు లేకుండానే కాస్తాయి.

జూన్, జూలైలలో గాని, ఫిబ్రవరిలో గాని నాటండి. గుంటలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా పెట్టండి. ఎండ తగిలే చోట ఆరడుగుల పందిరి వేయండి. నీరు నిలవనీయకండి. తీగను మామిడి మొక్కల మీదికి పాకనివ్వకండి. హవాయి దీవుల్లో ఇదే తీగ చెట్లను కప్పేసే కలుపుగా మారింది. రెండు మూడు నెలల్లో కాపు మొదలవుతుంది. కాయలు లేతగా ఉండగానే కోయండి. ఈగ కుట్టి వంకరపోయినవాటిని లోతుగా పాతిపెట్టండి.

చలికాలంలో కాపు తగ్గుతుంది. పాదు చచ్చిందని పీకేయకండి. దుంపవేరు భూమిలో బ్రతికే ఉంటుంది. పాత తీగలు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్లు పెట్టండి. కొత్త చిగుళ్ల మీదే పూత వస్తుంది. యోహాను సువిశేషం 15వ అధ్యాయంలోని ద్రాక్షతీగ మాట ఇక్కడ కళ్లారా చూడవచ్చు.

ఈ వారం మీ పాదు పువ్వును తిప్పి చూడండి. మగదైతే తీసేసి, పొరుగువారిని ఒక తీగముక్క అడగండి. అడగడం నామోషీ కాదు. రేపు మీ పాదు కత్తిరించిననాడు ఆ ముక్కలు పారేయకుండా మరో రెండిళ్లకు ఇవ్వండి.