రీఫర్ గ్రాఫ్ చదవడం వస్తే కొలువుంది

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య, ప్లాంటులో గడ్డకట్టాక విశాఖ రేవు దాటి అమెరికా చేరేదాకా మైనస్ 18 డిగ్రీల్లోనే ఉండాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ నుంచి బయల్దేరే టీకాల్లో చాలావాటికి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. దారిలో చల్లదనం తప్పితే ఒకప్పుడు సరుకు దించాక గానీ బయటపడేది కాదు. ఇప్పుడు రీఫర్ బండిలోని, అంటే సరుకును చల్లగా ఉంచే మిషన్ ఉన్న బండిలోని సెన్సర్లు ఉష్ణోగ్రత, తలుపు తీసిన సమయం, బండి ఉన్న చోటు కొన్ని నిమిషాలకోసారి కంట్రోల్ రూమ్‌కు పంపుతున్నాయి. సిగ్నల్ లేనిచోట లెక్కలు దాచుకుని, దొరకగానే ఒకేసారి పంపేస్తాయి.

ఇలా సెన్సర్లు నెట్ ద్వారా లెక్కలు పంపే పద్ధతినే ఐఓటీ అంటారు. ఆ మాట వినగానే మన పిల్లలు పైథాన్ కోర్సులో చేరిపోతారు. నేర్చుకోండి, తప్పకుండా పనికొస్తుంది. కానీ ఈ రంగంలో మనిషి విలువ తెలిసేది గ్రాఫ్ ముందు కూర్చున్నప్పుడే.

కాయిల్ మీద పేరుకున్న మంచును కరిగించడానికి రీఫర్ మిషన్ మధ్యమధ్య డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. ఆ కాసేపూ గాలి ఉష్ణోగ్రత పెరిగి, మళ్లీ దిగుతుంది. సరుకుకేమీ కాదు. తలుపు తీస్తే గీత ఉన్నట్టుండి పైకి లేస్తుంది. గ్యాస్ లీకయితే మిషన్ ఆగకుండా తిరుగుతున్నా గంటగంటకూ చల్లదనం తగ్గుతూ వస్తుంది. రాత్రంతా మెల్లగా ఎక్కి, డెలివరీకి ముందు గబగబా దిగిన గీత కనిపిస్తే, డీజిల్ ఆదా కోసం మిషన్ ఆపేశారేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు డ్రైవరన్నను దోషిని చేసి ఊరుకుంటే సరిపోదు. డీజిల్ ఖర్చు అతని చేతి నుంచి పోతోందా, కంపెనీ విడిగా ఇస్తోందా అన్నది కూడా చూడాలి. టీకాల విషయంలో ఇంకో మెలిక ఉంది. హెపటైటిస్ బి, పెంటావలెంట్ వంటివి గడ్డకట్టినా పాడవుతాయి. అందుకే అలారం రెండు వైపులా పెట్టాలి.

దారులు చాలానే ఉన్నాయి. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా వాళ్లు సెన్సర్ బిగించే పనిలోకీ, క్యాలిబ్రేషన్ ల్యాబుల్లోకీ వెళ్లొచ్చు. బీఫార్మసీ వాళ్లకు క్వాలిటీ విభాగం ఉంది. నన్నడిగితే, ఎక్సెల్ బాగా నేర్చిన ఐటీఐ కుర్రాడికి ఇక్కడ మంచి అవకాశముంది. మిషన్ గొడవా, సెన్సర్ గొడవా తేల్చి చెప్పగలవాళ్లు అరుదు.

కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబులు రెండు కొనండి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, కాస్త నీళ్లు పోసి, ప్రోబులు ముంచండి. సున్నా దగ్గర ఎంత తేడా చూపిస్తున్నాయో రాసుకోండి. క్యాలిబ్రేషన్‌లో తొలి పాఠం అదే. తర్వాత ఒకదాన్ని ఫ్రిజ్‌లో గాలికి వేలాడదీసి, రెండోదాన్ని నీళ్ల సీసాలో పెట్టండి. అమ్మ తలుపు తీసినప్పుడల్లా గాలి గీత ఎగిరిపడుతుంది, సీసా గీత పెద్దగా కదలదు. గాలి వేడెక్కినంత వేగంగా సరుకు వేడెక్కదని కళ్లారా తెలుస్తుంది. వారం రోజుల గ్రాఫ్ ప్రింటు తీసి, ఏ ఎత్తు దేనివల్ల వచ్చిందో పక్కన రాసి ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి.

రొయ్యల ఎగుమతిదారులు, రేవుల్లోని రీఫర్ యార్డులు, మందుల రవాణా సంస్థలు, బండ్లకు ట్రాకింగ్ పరికరాలు పెట్టే కంపెనీల్లో అడిగి చూడండి. సరుకు రాత్రీపగలూ నడుస్తుంది కాబట్టి కంట్రోల్ రూముల్లో రాత్రి షిఫ్టులు మామూలే. ఎన్నాళ్లకోసారి షిఫ్టు మారుస్తారో, రాత్రిపూట రాకపోకలకు బండి పెడతారో లేదో చేరేముందే అడగండి.