నాచు పొడి రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు

అప్పనపల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద బతికే ల్యాబుల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లలో ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కొలుస్తుంటారు. వాళ్లలో ఎవరికైనా సముద్రపు నాచు వైపు వెళ్దామా అనే ఆలోచన ఉంటే ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం.

ముందు ఒకటి తేల్చేసుకుందాం. సాగు ఇక్కడి పని కాదు. తమిళనాడులోని మండపం దగ్గర వెదురు తెప్పలు కట్టి పెంచే కప్పాఫైకస్ నాచుకి ఏడాదంతా చిక్కటి ఉప్పునీరు కావాలి. మన వైనతేయ నది వరదొస్తే తీపి, ఎండాకాలం ఉప్పు. పైగా మన తీరమంతా ఇసుక, బురద. నాచు దానంతటదే అతుక్కుని పెరిగే రాళ్లు కావాలంటే విశాఖ దాకా పోవాలి. కేంద్రం మత్స్య సంపద యోజనలో నాచుకి 640 కోట్లు పెట్టింది, రామనాథపురంలో 127 కోట్లతో పార్కుకి 2023లో శంకుస్థాపన కూడా జరిగింది. ఆ అంకెలు చూపించి మీ గట్టున తెప్పలు కట్టిస్తామని ఎవరైనా వస్తే టీ ఇచ్చి పంపించేయండి.

మీకు పనికొచ్చేది పరీక్షల పని. నాచులో ఖనిజాలు ఎక్కువన్న మాట నిజమే. ఎండబెట్టి కాలిస్తే నూటికి 20 నుంచి 40 వంతుల దాకా బూడిదే మిగులుతుంది. అయితే ఏది ఎంత అని చెప్పగలిగేవాడు కావాలి. తప్పులన్నీ అక్కడే జరుగుతాయి.

పచ్చి నాచులో 80 నుంచి 90 శాతం నీరే. అదే సరుకు, అదే పొటాషియం. పచ్చి దాని మీద లెక్కకడితే 100 గ్రాములకి 800 మిల్లీగ్రాములు, తేమంతా తీసేసి కడితే 8,000. అమ్మేవాడు ఏ అంకె అచ్చేస్తాడో చెప్పక్కర్లేదు. అందుకని తేమ ఎంతో రాయకుండా ఖనిజం అంకె రాయొద్దు. ఇక బూడిద 38 శాతం వచ్చిందని మురిసిపోకండి. ఆ బూడిదని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మరిగించి వడగట్టండి. కరగకుండా కాగితం మీద మిగిలేదాంట్లో ఎక్కువ భాగం ఇసుకే. కరిగినదాంట్లోనూ సరిగా కడగని నాచు మీద పేరుకున్న మామూలు ఉప్పు ఉంటుంది.

అసలు తిప్పలు అయోడిన్‌తో. పొటాషియం కోసం నమూనాని 550 డిగ్రీల దగ్గర మఫిల్ ఫర్నేసులో కాల్చడం మనకి అలవాటు. అదే బూడిదలో అయోడిన్ వెతికితే అప్పటికే చాలా భాగం గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఆర్సెనిక్‌దీ అదే తంతు. అయోడిన్‌ని క్షారద్రావణంతో విడిగా తీసి ఐసీపీ-ఎంఎస్‌లో చూడాలి. ఆ యంత్రం లేని ల్యాబు ఆ కాలమ్‌ని ఖాళీగా వదిలేయడమే మర్యాద.

ఆ ఖాళీ మీద పేచీ వస్తుంది. "అయోడిన్ దగ్గర ఏదో ఒక అంకె వేసెయ్యమ్మా, ప్యాకెట్లు ప్రింటుకి వెళ్లాలి" అంటాడు పార్టీ. "చెయ్యని టెస్టుకి అంకె ఎక్కడి నుంచి తేనండీ?" అనండి. మెత్తగానే అనండి, కానీ వేయొద్దు.

ఎందుకింత పట్టుదల అంటారా? పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. మన దుకాణంలో దొరికే అయోడిన్ ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలని నిబంధన, అంటే పది గ్రాముల ఉప్పుతోనే ఆ 150 వచ్చేస్తుంది. జపాన్‌వాళ్లు అన్నం చుట్టే నోరి నాచులో గ్రాముకి పదుల మైక్రోగ్రాములే ఉంటుంది. పులుసుకి వాడే కొంబు అలా కాదు, గ్రాముకి వెయ్యి దాటిపోవడం మామూలే. రెండూ నాచులే. కాబట్టి రిపోర్టులో 'సీవీడ్' అని ఊరుకోకుండా జాతి పేరు రాయించండి. థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా నాచు పొడి తీసుకోకూడదు. పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లదీ అదే సంగతి.

ఇక ఆర్సెనిక్‌లో మొత్తం వేరు, అకర్బన రూపం వేరు. ప్రమాదం ప్రధానంగా రెండోదాంతోనే. అది ఎక్కువగా ఉంటుందనే హిజికి నాచు తినొద్దని 2004లో బ్రిటన్ ఆహార సంస్థ జనానికి చెప్పింది. మొత్తం అంకె ఒక్కటే చూసి భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు.

ఇంకోటి, కొబ్బరి చెట్లకీ వరికీ వాడే ఇఫ్కో సాగరిక కూడా నాచు నుంచి వచ్చిందే. దాన్ని పరీక్షించాల్సింది ఎరువుల నియంత్రణ ఉత్తర్వు లెక్కన. మనిషి తినే పొడి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కిందికి వస్తుంది. నమూనా పుచ్చుకునేటప్పుడే చెట్టుకా, రొయ్యకా, మనిషికా అని అడిగి రిజిస్టర్‌లో రాసుకోండి.

ఈ దారిలో పైకి రావాలంటే ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఆహార పరీక్షల్లో మూడేళ్ల అనుభవం సంపాదించి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫుడ్ ఎనలిస్టు పరీక్ష రాయండి. చేపల సరుకు పరీక్షల మీద పట్టు కావాలంటే విశాఖలోని సీఐఎఫ్‌టీ కేంద్రంలో శిక్షణల గురించి వాకబు చేయండి. ఉద్యోగానికి ల్యాబు ఎంచుకునేటప్పుడు జీతం కన్నా ముందు దాని ఎన్‌ఏబీఎల్ స్కోపు కాగితం, అంటే గుర్తింపు ఉన్న పరీక్షల జాబితా, చూపించమనండి. అందులో అయోడిన్, ఆర్సెనిక్ పేర్లు లేకపోతే ఆ ల్యాబు తరఫున నాచు పొడి రిపోర్టు మీద మీరు సంతకం పెట్టొద్దు.