మీ పిల్లల వెబ్‌సైట్‌కి ఏ పేరు పెట్టవచ్చు?



ఎయిత్, నైన్త్ క్లాసు పిల్లల్లో కొంతమంది ఇప్పుడు సొంతంగా వెబ్‌సైట్ పెట్టే దశకి వచ్చారు. ఒకరికి మైన్‌క్రాఫ్ట్ అంటే పిచ్చి. ఇంకొకరికి వర్డ్‌ప్రెస్ నేర్చుకుని పదిమందికీ నేర్పాలని సరదా. హోస్టింగ్, థీమ్, రంగులు అన్నీ వాళ్లే చూసుకుంటారు. మన దగ్గరికి వచ్చేది ఒక్క పనికే: డొమైన్ పేరు కొనాలి, డబ్బు కట్టాలి, ఓటీపీ చెప్పాలి. ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ కదా అని మనమూ కట్టేస్తాం. ఆ ఓటీపీ చెప్పే ముందు పిల్లలు ఎంచుకున్న పేరుని ఒక్కసారి చదవండి. అందులో ఏదైనా సాఫ్ట్‌వేర్ పేరు ఉంటే ఈ నెల పాఠం మీకోసమే.

ఎందుకంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు మన దేశంలో చట్టప్రకారం కాంట్రాక్టు చేసుకోలేరు. డొమైన్ రిజిస్ట్రేషన్ కూడా ఒక కాంట్రాక్టే. అది మీ పేరు మీద, మీ మెయిల్ ఐడీతో రిజిస్టర్ అవుతుంది. రేపు నోటీసు వచ్చినా మీకే వస్తుంది, మీ బాబుకో పాపకో కాదు.

ఇలాంటి నోటీసు అందుకున్నవాళ్లలో అందరికన్నా ప్రసిద్ధుడు కెనడాలోని విక్టోరియా నగరానికి చెందిన హైస్కూల్ విద్యార్థి. పేరు మైక్ రో. అప్పటికి అతనికి 17 ఏళ్లు. వెబ్ డిజైనింగ్ చేసేవాడు. 2003 ఆగస్టులో తన పేరు చివర ‘సాఫ్ట్’ చేర్చి ‘మైక్ రో సాఫ్ట్ డాట్ కామ్’ అని డొమైన్ తీసుకున్నాడు. ఒకసారి గట్టిగా చదివి చూడండి. స్పెల్లింగ్ వేరు, చెవికి వినపడేది మాత్రం మైక్రోసాఫ్టే. తెలుగులో రాస్తే స్పెల్లింగ్ తేడా కూడా మిగలదు!

ఆ ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ తరఫు లాయర్ల నుంచి మెయిల్ వచ్చింది, పేరు మాకు ఇచ్చేయమని. ఊరికే ఎందుకివ్వాలి అన్నాడు. 10 డాలర్లు ఇస్తామన్నారు. కుర్రాడికి ఒళ్లు మండింది. 10,000 డాలర్లు అడిగాడు. 2004 జనవరిలో పాతిక పేజీల నోటీసు ఇంటికి వచ్చింది. డబ్బు గుంజడానికే ఈ పేరు తీసుకున్నావని అందులో ఆరోపణ.

ఈ కథ చెప్పేవాళ్లంతా పెద్ద కంపెనీ చిన్న పిల్లాడి మీద పడిందనే చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. వార్త పత్రికలకెక్కగానే జనం అతని వైపే నిలబడ్డారు. కంపెనీ కూడా కాస్త దూకుడుగా వెళ్లామని ఒప్పుకుని రాజీకి వచ్చింది. అతను పేరు వదులుకున్నాడు. కొత్త పేరుకి మారడానికి అయ్యే ఖర్చు కంపెనీ భరించింది. పైగా ఎక్స్‌బాక్స్ ఇచ్చింది, రెడ్‌మండ్‌లోని తమ క్యాంపస్‌కి ఆహ్వానించింది. సినిమాలాంటి ముగింపు. కానీ టీచర్‌గా నాకు ఆసక్తి కలిగించేది ఆ 10 డాలర్లు. అవమానించడానికి ఇచ్చిన మొత్తం కాదది.

డొమైన్ తగాదాలకి 1999 నుంచి అంతర్జాతీయంగా ఒక పద్ధతి ఉంది. ఐకాన్ అనే సంస్థ పెట్టింది. డాట్ కామ్ పేరు తీసుకున్న ప్రతివాళ్లూ, తెలిసినా తెలియకపోయినా, ఆ నియమాలకి ఒప్పుకున్నట్టే. అందులో ఫిర్యాదు చేసినవాళ్లు మూడు విషయాలు నిరూపించాలి. ఒకటి, ఈ పేరు మా ట్రేడ్‌మార్క్‌లాగే ఉంది, లేదా జనం పొరబడేంత దగ్గరగా ఉంది. రెండు, ఈ పేరు వాడుకోవడానికి అవతలివాళ్లకి హక్కు గానీ, న్యాయమైన కారణం గానీ లేదు. మూడు, చెడు ఉద్దేశంతో తీసుకుని, అదే ఉద్దేశంతో వాడుతున్నారు.

చెడు ఉద్దేశానికి ఆ నియమాల్లో ఇచ్చిన మొదటి ఉదాహరణే, అయిన ఖర్చు కన్నా ఎక్కువ డబ్బుకి ఆ పేరుని ట్రేడ్‌మార్క్ యజమానికి అమ్మాలని తీసుకోవడం. 10 డాలర్లంటే సుమారుగా అప్పటి రిజిస్ట్రేషన్ ఖర్చు. 10,000 అని మెయిల్ కొట్టిన క్షణంలో మైక్ రో తనకి వ్యతిరేకంగా తానే కాగితం రాసిచ్చినట్టయింది. అప్పటిదాకా ‘నా పేరే కదా పెట్టుకున్నాను’ అనే మంచి వాదన అతని చేతిలో ఉంది. కోపంతో పంపిన ఒక్క మెయిల్ దాన్ని బలహీనం చేసింది. మీ పిల్లలకి చెప్పాల్సి వస్తే ఈ భాగమే చెప్పండి, ఎక్స్‌బాక్స్ సంగతి వాళ్లే వెతుక్కుంటారు.

ఇక పిల్లలు అడిగే గట్టి ప్రశ్న: “వర్డ్‌ప్రెస్ ఫ్రీ కదా మేడమ్, పేరు వాడితే ఏంటి?” తెలివైన ప్రశ్నే. వర్డ్‌ప్రెస్ కోడ్‌ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. దాని లైసెన్సే అలాంటిది. అయితే ఆ లైసెన్సు కాపీరైట్‌కి సంబంధించింది. పేరు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది. రెండూ వేరు వేరు హక్కులు. పెళ్లిలో వంట మాస్టారు తన పులిహోర ఎలా చేయాలో మీకు పూర్తిగా నేర్పేశాడనుకోండి. మీరు చేసుకోవచ్చు, అమ్మవచ్చు. కానీ డబ్బా మీద ఆయన పేరు వేసి అమ్మితే ఊరుకుంటాడా?

వర్డ్‌ప్రెస్ ట్రేడ్‌మార్క్ 2010 నుంచి వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. వాళ్లు చాలా ఏళ్లుగా చెబుతున్న నియమం స్పష్టంగా ఉంది: డొమైన్ పేరులో ‘వర్డ్‌ప్రెస్’ అనే పూర్తి మాట పెట్టకండి. మీ సొంత డొమైన్‌కి ముందు చుక్క పెట్టి సబ్‌డొమైన్‌గా వాడుకుంటే అభ్యంతరం లేదు. ‘డబ్ల్యూపీ’ అనే పొడి అక్షరాలు ట్రేడ్‌మార్క్‌లోకి రావు. అందుకే ఆ అక్షరాలతో మొదలయ్యే సైట్లు అన్ని ఉన్నాయి. అయితే వాటిని కూడా మేమే వర్డ్‌ప్రెస్ వాళ్లం అనిపించేలా వాడకూడదు.

స్నేహితుల మధ్య కూడా ఈ నియమం నిలబడుతుందనడానికి ఒక ఉదాహరణ. డెబియన్ అనే లినక్స్ బృందం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని తమ సిస్టమ్‌తో పాటు ఇచ్చేది. మొజిల్లా సంస్థ పేరు, లోగో విషయంలో షరతులు పెట్టింది. ఇద్దరూ ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసేవాళ్లే. అయినా 2006లో డెబియన్ వాళ్లు ఆ బ్రౌజర్‌కి ‘ఐస్‌వీజల్’ అని వేరే పేరు పెట్టుకున్నారు. మళ్లీ ఫైర్‌ఫాక్స్ అనే పేరు వచ్చింది 2016లో. పదేళ్లు!

మైన్‌క్రాఫ్ట్ అభిమానులకి దారి కాస్త సులువు. ఆ కంపెనీ అభిమానుల కోసం రాసిపెట్టిన నియమాల్లో సారాంశం ఇది: మా పేరు మీ పేరులో ప్రధానంగా ఉండకూడదు, పక్కన ఉండవచ్చు. ‘మైన్‌క్రాఫ్ట్ హెల్పర్’ అంటే కుదరదు. ముందు మీ సొంత పేరేదో పెట్టుకుని, కింద ‘హెల్పర్ ఫర్ మైన్‌క్రాఫ్ట్’ అని రాసుకోవచ్చు. అధికారిక ఉత్పత్తి కాదని కూడా రాయాలి. ఇంగ్లిష్ పాఠంలో ప్రిపోజిషన్లు దేనికని విసుక్కునే పిల్లలకి ఈ ‘ఫర్’ చూపించండి. మొదటిదాంట్లో ఆ హెల్పర్ కంపెనీది అనిపిస్తుంది. రెండోదాంట్లో ఆ ఆట ఆడేవాళ్ల కోసం ఎవరో చేశారని తెలుస్తుంది.

ఇదంతా విదేశీ సంగతి అనుకోకండి. మన దేశంలో 1999లోనే ఢిల్లీ హైకోర్టు ‘యాహూ ఇండియా డాట్ కామ్’ అనే పేరుని వాడకుండా ఆపింది. మాకూ యాహూకీ సంబంధం లేదని సైట్‌లో రాశాం అని వాళ్లు వాదించారు. పేరే తప్పుదారి పట్టిస్తుంటే ఆ ఒక్క వాక్యం సరిపోదని కోర్టు అంది. ‘నాట్ అఫీషియల్’ అని కింద చిన్న అక్షరాల్లో పెడితే చాలనుకునే పిల్లలకి ఇది తెలియాలి.

రెండో కేసు మనకి ఇంకా దగ్గరిది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కి అనుబంధంగా ఉన్న సత్యం ఇన్ఫోవే, తన పేరులోని ముక్కలు కలిపి ‘సిఫీ’ అనే మాట తయారు చేసుకుంది. తరవాత మరో సంస్థ ‘సిఫీనెట్’ అని, ఇంగ్లిష్‌లో ఒక ‘ఎఫ్’ ఎక్కువ పెట్టి, డొమైన్లు తీసుకుంది. మా ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలవి అని చెప్పుకుంది. కింది కోర్టు ఒకలా, కర్ణాటక హైకోర్టు ఇంకోలా చెప్పాక, 2004లో సుప్రీంకోర్టు సత్యం వైపు తీర్పిచ్చింది. డొమైన్ పేరు వట్టి అడ్రస్ కాదని, ట్రేడ్‌మార్క్‌లాగే వ్యాపారాన్ని గుర్తుపట్టించే పేరని, దానికీ రక్షణ ఉంటుందని ఆ తీర్పు చెప్పింది. అక్షరం మార్చితే సరిపోతుందనే ఉపాయం అక్కడ పనిచేయలేదు.

అంటే సాఫ్ట్‌వేర్ పేరే ఎత్తకూడదా? అలా ఏమీ లేదు. సైట్ లోపల వ్యాసాల్లో, హెడింగుల్లో ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. దేని గురించి చెబుతున్నామో దాని పేరు చెప్పకుండా ఎలా? చిక్కు వచ్చేది సైట్‌కి బోర్డులా కనిపించే డొమైన్ దగ్గర. అక్కడ కూడా నిజమైన అభిమాన సైట్లకి, డబ్బు సంపాదన లేకుండా నడిచేవాటికి, తగాదాల్లో కొంత మన్నింపు ఉంటుంది. యాడ్స్ పెట్టిన రోజు ఆ మన్నింపు తగ్గిపోతుంది. “చిన్న యాడే కదా నాన్నా” అని మీ అమ్మాయి అడిగినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పటికే అలాంటి పేరు కొనేసి ఉంటే కంగారు పడకండి. కొత్త పేరు తీసుకుని, పాతదానికి వచ్చేవాళ్లని కొన్నాళ్లు అటు మళ్లించి, గడువు తీరాక పాతదాన్ని రెన్యువల్ చేయకుండా వదిలేయవచ్చు. ఒకవేళ కంపెనీ నుంచి మెయిల్ వస్తే పిల్లల చేత జవాబు రాయించకండి, ధర అసలు చెప్పకండి. మర్యాదగా రెండు వాక్యాల్లో మీరే రాయండి, గడువు అడగండి. చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ఐకాన్ పద్ధతిలో ఫిర్యాదు దాకా వెళితే జవాబుకి ఉండేది 20 రోజులు. అందులో ఓడిపోతే పేరు పోతుంది, నష్టపరిహారం మాత్రం ఉండదు. కోర్టు కేసు అయితే ఆ మాట చెప్పలేం, అప్పుడు లాయర్‌ని కలవాల్సిందే.

డొమైన్ కొన్న రోజు ఏ మెయిల్ ఐడీ ఇచ్చారో ఈ ఆదివారం చూసుకోండి. వాడకం లేని పాత ఐడీ అయితే మార్చండి. 20 రోజులు మొదలయ్యేది ఆ ఇన్‌బాక్స్‌లోనే.